నక్షత్రాల తిరునాళ్లలో ఎక్స్ కిరణాల చిరునామా

మా స్కూల్లో ఒకసారి ప్రార్థన జరుగుతుండగా ఈల వినబడింది. దాదాపు ఆరువందల మంది పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. ఈల ఎడమ పక్క నుంచి వచ్చిందని మాత్రం తెలిసింది. ఆ పక్క తొమ్మిదో తరగతి వరసలో ఒక కుర్రవాడు పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. పిలిచి అడిగితే ఒప్పుకున్నాడు కూడా. “నేనేనండీ, కానీ ఒక్కసారే వేశానండీ” అన్నాడు. నేను విన్నది రెండుసార్లు. అబద్ధమాడుతున్నాడనుకుని బెంచీ ఎక్కించాను. వారం పోయాక తెలిసింది, వాడి వెనకాలే ఆనుకుని నిలబడ్డ ఇంకొకడు రెండో ఈల వేశాడని. మొదటివాడు చెప్పింది అక్షరాలా నిజం. లెక్క తప్పింది నాది.

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, అచ్చం ఇలాంటి చిక్కే ఖగోళ శాస్త్రజ్ఞులకు ఎమ్-15 అనే నక్షత్రాల గుంపులో ఎదురైంది. అక్కడ నిలబడి ఉన్నవి లక్షకు పైగా నక్షత్రాలు. వినబడినది ఈల కాదు, ఎక్స్ కిరణాలు. ఆ చిక్కు విడిపోవడానికి పది పన్నెండేళ్లు పట్టింది.

ముందు ఆ గుంపు ఎక్కడుందో చూద్దాం. దసరా సెలవుల్లో, అంటే అక్టోబరు నెలలో, రాత్రి ఎనిమిది గంటల వేళ మేడ మీదికో పొలంగట్టు మీదికో వెళ్లండి. తూర్పున బాగా పైకి నాలుగు నక్షత్రాలు పెద్ద చదరంలా కనబడతాయి. పై జంట పూర్వాభాద్ర, కింది జంట ఉత్తరాభాద్ర. పూర్వాభాద్రలో దక్షిణంగా ఉన్న నక్షత్రం నుంచి నడినెత్తి వైపుగా, చాచిన చేతి పిడికిళ్లు రెండు పెట్టినంత దూరం పోతే ఒక మోస్తరు వెలుగున్న నక్షత్రం వస్తుంది. దాని పేరు ఎనిఫ్. అక్కడి నుంచి వాయవ్యంగా మరి రెండు మూడు వేళ్ల దూరంలో ఉన్నదే మన గుంపు. వట్టి కంటికి దాదాపు ఆనదు. బైనాక్యులర్స్ ఉంటే చిన్న దూదిపింజలా కనబడుతుంది. మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల మీదుగా అది ఇంచుమించు నడినెత్తి నుంచే సాగిపోతుంది కాబట్టి చూడడానికి మనకు మంచి వీలుంది.

1746లో మరాల్డి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దీన్ని మొదట చూశాడు. ఫ్రాన్సు దేశపు మెస్సియే తయారుచేసిన జాబితాలో ఇది పదిహేనోది. అందుకే ఎమ్-15. మనకు సుమారు 33,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇలాంటి వాటిని గోళాకార తారాగుచ్ఛాలంటారు. బంతిపువ్వులో రేకులు మధ్యకు వచ్చేకొద్దీ ఎలా ఒత్తుగా ఉంటాయో, వీటిలో నక్షత్రాలు అలా ఉంటాయి. ఎమ్-15 నడిబొడ్డు మరీ ఒత్తు. మన సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది గదా? ఎమ్-15 నడుమ ఆ మాత్రం చోటులో వేల నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి.

ఎక్స్ కిరణాలు పుట్టేదెక్కడ?

ఎక్స్ కిరణాలంటే మనకు ఆస్పత్రి గుర్తుకొస్తుంది. ఆకాశం నుంచి కూడా అవి వస్తూనే ఉన్నాయి. కాని మన వాతావరణం వాటిని పైనే మింగేస్తుంది. మింగడం మన మంచికే అనుకోండి, లేకపోతే మనం బతకలేం. అయితే వాటిని చూడదలచినవాడు వాతావరణం దాటి పైకి పోవాలి. 1962 జూన్‌లో రికార్డో జకోనీ, ఆయన సహచరులు అమెరికాలో ఒక రాకెట్టు ఎగరేశారు. చంద్రుడి మీద నుంచి ఎక్స్ కిరణాలేమైనా వస్తాయేమో చూద్దామని వారి ఉద్దేశం. పరికరం పట్టింది మాత్రం వృశ్చికరాశి దిక్కు నుంచి వచ్చిన ప్రచండమైన ఎక్స్ కిరణాలను. 2002లో జకోనీకి నోబెల్ బహుమతి వచ్చింది ఈ కృషికే.

తరువాత 1970 డిసెంబరు 12న ఆఫ్రికాలో కెన్యా తీరం నుంచి ఒక కృత్రిమోపగ్రహాన్ని పంపారు. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. అందుకని దానికి ‘ఉహురు’ అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వాతంత్ర్యం. ఎక్స్ కిరణాల కోసం ఆకాశమంతా గాలించిన మొదటి ఉపగ్రహం అదే. కొన్ని కిరణాలు గోళాకార గుచ్ఛాలున్న దిక్కు నుంచి వస్తున్నట్టు ఉహురు, దాని తరువాతి ఉపగ్రహాలు తెలిపాయి. ఎమ్-15 వాటిలో ఒకటి.

1975 నాటికి శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేసి ఆశ్చర్యపోయారు. మన పాలపుంత నక్షత్రాల్లో గోళాకార గుచ్ఛాల్లో ఉన్నవి పదివేలకు ఒకటి చొప్పున మాత్రమే. కాని బలమైన ఎక్స్ కిరణాల కేంద్రాల్లో ఇంచుమించు పదింట ఒకటి అక్కడే ఉంది! ఎందుకిలా?

కారణం రద్దీ. పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయి పేలినప్పుడు దాని గర్భం కుంచించుకుపోయి న్యూట్రాన్ నక్షత్రం మిగులుతుంది. సూర్యుడి కంటె ఎక్కువ ద్రవ్యం ఇరవై కిలోమీటర్ల బంతిలోకి కుదించుకుపోతుందన్నమాట. అది ఒంటరిగా ఉంటే పెద్దగా ఎవరికీ కనబడదు. రద్దీలో తిరుగుతూ మరొక నక్షత్రానికి బాగా దగ్గరగా వస్తే, గురుత్వాకర్షణ వల్ల రెండూ జంటపడిపోతాయి. అప్పుడు న్యూట్రాన్ నక్షత్రం తన తోడు నక్షత్రం నుంచి వాయువును లాక్కోవడం మొదలుపెడుతుంది. ఆ వాయువు సూటిగా పడదు. స్నానాల గది తూములోకి నీళ్లు సుడి తిరుగుతూ పోయినట్టు, పళ్లెంలాంటి చక్రంగా తిరుగుతూ లోపలికి జారుతుంది. జారేకొద్దీ రాపిడికి వేడెక్కి, నక్షత్రాన్ని చేరేసరికి కోటి డిగ్రీలకు చేరుతుంది. అంత వేడి వస్తువు వెలిగేది ఎక్స్ కిరణాలతోనే. అదే వాయువు సూర్యుడిలో మాదిరిగా హైడ్రోజన్ హీలియంగా మారి ఇచ్చే శక్తి కంటె ఇలా పడడం వల్ల వచ్చే శక్తి పదిరెట్లకు మించి ఉంటుంది.

సరే, ఎక్స్ కిరణాలు దొరికాయి. అయితే అవి ఏ నక్షత్రం నుంచి వస్తున్నాయి? మామూలు దూరదర్శినిలో కనబడే నక్షత్రాల్లో ఫలానాది అని వేలు పెట్టి చూపాలి. దీన్నే ఎక్స్ కిరణ కేంద్రానికి ‘కనబడే జోడు’ను గుర్తించడం అంటారు. అంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. ఎక్స్ కిరణాలు అక్కడ మంట ఉందని చెబుతాయి, అంతే. తోడు నక్షత్రం ఎలాంటిది, రెండూ ఒకదాని చుట్టూ మరొకటి తిరగడానికి ఎంతసేపు పడుతుంది, వాయువులో హైడ్రోజన్ ఉందా లేదా, ఇవన్నీ చాలావరకు మామూలు కాంతి, అతినీలలోహిత కాంతి చెప్పాలి.

వృశ్చికరాశి విషయంలో ఇది అంత కష్టం కాలేదు. ఎక్స్ కిరణాలు వచ్చే చోటును కొంత ఇరుకు చేయగానే, 1966లో ఆ చోటులో విడ్డూరంగా నీలంగా ఉన్న నక్షత్రం ఒకటి దొరికింది. అది విడిగా ఉన్న ఇల్లు. గుచ్ఛం విషయం వేరు. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడి ఏడుపు విని వాడి మొహం వెతకడం లాంటిది.

ఆకాశంలో దూరాలను కోణాలతో కొలుస్తారు. డిగ్రీలో అరవయ్యో వంతు నిముషం, నిముషంలో అరవయ్యో వంతు సెకను. గడియారం సెకనుకూ దీనికీ సంబంధం లేదు. ఈ కోణపు సెకను ఎంత చిన్నదో ఊహకు రావాలంటే ఒక రూపాయి బిళ్ల తీసుకోండి. దాని వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని అయిదు కిలోమీటర్ల అవతల ఎవరైనా నిలబెట్టి పట్టుకుంటే మనకు కనబడే కోణం ఒక సెకను. లెక్కల మాస్టారి దగ్గర త్రికోణమితి నేర్చుకున్నవాళ్లు వేసి చూసుకోండి. పూర్ణచంద్రుడి వెడల్పు సుమారు 1,800 సెకన్లు. ఉహురు కాలంలో ఎక్స్ కిరణాల చిరునామా ‘ఫలానా తాలూకాలో’ అన్నంత వరకే తెలిసేది. ఎమ్-15 నడిబొడ్డులో వీధి పేరు, ఇంటి నంబరు కాదు, ఏ గదిలో ఏ మూల అన్నంత వరకు తెలియాలి.

211వ నంబరు నక్షత్రం

1978 నవంబరులో అమెరికా వారు పంపిన ఐన్‌స్టీన్ అనే ఉపగ్రహంలో ఎక్స్ కిరణాలతో బొమ్మ తీయగల అద్దాలున్నాయి. చిరునామా కొద్ది సెకన్ల వరకు ఇరుకయింది. దాని సాయంతో 1984లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఓరియేర్, ఆయన సహచరులు ఎమ్-15 నడుమ ఒక నీలి నక్షత్రాన్ని చూపించారు. అంతకు ముందు ఓరియేర్, కోర్డోనీ అనే ఇద్దరు కలిసి ఈ గుచ్ఛపు నక్షత్రాలకు నంబర్లు వేశారు. ఈ నక్షత్రం నంబరు 211. కాబట్టి ఎ.సి. 211 అయింది.

నీలంగా ఉంటే అనుమానం ఎందుకు? గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ దాదాపు ఒకే కాలంలో పుట్టినవి, మన నుంచి ఒకే దూరంలో ఉన్నవి. ఒక గ్రాఫు కాగితం మీద అడ్డంగా రంగునూ నిలువుగా వెలుగునూ తీసుకుని ప్రతి నక్షత్రానికీ ఒక చుక్క పెడితే, చుక్కలన్నీ చీమల బారులా ఒక గీత మీద వస్తాయి. కాగితంలో ఎడమగా, నీలం వైపు, బారు తప్పి ఒక చుక్క పడిందంటే దానిలో ఏదో విశేషం ఉంది. వేడి వాయువు చక్రం నీలంగా, అతినీలలోహితంగా వెలుగుతుంది కాబట్టి అలాంటిదే మన దొంగ అయ్యే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఒక మెళకువ గమనించాలి. ఇరుకైన వలయంలో మామూలు నక్షత్రం ఒకటి కనబడితే అది సాక్ష్యం కాదు, ఎందుకంటే అంత రద్దీలో ఎక్కడ వలయం గీసినా నాలుగు మామూలు నక్షత్రాలు పడతాయి. అరుదైనది పడితేనే లెక్క.

ఎ.సి. 211 రంగులోనే కాదు, వర్ణపటంలో కూడా ఎక్స్ కిరణ జంటల లక్షణాలు చూపించింది. దాని వెలుగు ఒక క్రమంలో తగ్గుతూ పెరుగుతూ ఉంది. మొదట ఆ కాలం 8.5 గంటలనుకున్నారు. తరువాత ఇంకా జాగ్రత్తగా చూసి, సరిగ్గా దానికి రెట్టింపు, 17.1 గంటలని తేల్చారు. అంటే ఆ జంటలో ఒక చుట్టు తిరగడానికి 17.1 గంటలు పడుతుందన్నమాట. గ్రహణం లాంటిది కూడా పడుతోంది. కాబట్టి మనం ఆ వాయువు పళ్లేన్ని పై నుంచి కాదు, అంచు వైపు నుంచి చూస్తున్నాం. భోజనాల బల్ల మీద పళ్లేన్ని, బల్ల ఎత్తుకు కన్ను పెట్టి చూసినట్టు. అప్పుడు మధ్యలో ఉన్న న్యూట్రాన్ నక్షత్రం పళ్లెం అంచు చాటున పడిపోతుంది. మనకు చేరేవి పైనున్న పలచని వాయువు మీద పడి చెదిరిన ఎక్స్ కిరణాలు మాత్రమే. మామూలు కాంతితో పోలిస్తే దాని నుంచి రావలసినన్ని ఎక్స్ కిరణాలు రాకపోవడానికి కూడా ఇదే కారణమని చెప్పుకున్నారు. కథ చక్కగా కుదిరింది.

1988లో జపాను వారి ‘గింగా’ ఉపగ్రహం ఈ కథను చెడగొట్టింది. జపాను భాషలో గింగా అంటే పాలపుంత. ఎమ్-15 నుంచి ఉన్నట్టుండి ఒక ఎక్స్ కిరణాల మెరుపు వచ్చింది. ఇలాంటి మెరుపులు అంతకు ముందే తెలుసు. 1975లో ఎన్.జి.సి. 6624 అనే మరొక గోళాకార గుచ్ఛంలో మొదటిసారి గమనించారు. న్యూట్రాన్ నక్షత్రం మీద పడిన వాయువు పొరలా పేరుకుని, ఒత్తిడీ వేడీ ఒక హద్దు దాటగానే నక్షత్రం పైభాగమంతా సెకన్లలో అణు మంటతో అంటుకుంటుంది. మెరుపు వెలుగునూ అది చల్లబడే తీరునూ బట్టి మండిన బంతి ఎంత పెద్దదో లెక్క కట్టవచ్చు. అది న్యూట్రాన్ నక్షత్రం పరిమాణానికే వస్తుంది.

చిక్కు ఇక్కడే వచ్చింది. మెరుపును మనం సూటిగా చూశామంటే న్యూట్రాన్ నక్షత్రం ముఖం మనకు కనబడుతోందన్నమాట. ఎ.సి. 211 కథ ప్రకారం ఆ ముఖం పళ్లెం చాటున ఉంది. చాటునా ఉండి, ఎదుటా ఉండడం ఎలా? గ్రహణాలు అబద్ధమా? మెరుపు అబద్ధమా? రెండు కొలతలూ నమ్మదగినవే.

గింగా పరికరం ఆకాశాన్ని చూసే వాకిలి ఒక డిగ్రీ పైచిలుకు వెడల్పు. మెరుపు గుచ్ఛంలో ఏ మూల నుంచి వచ్చిందో అది చెప్పలేదు. ఎ.సి. 211 పక్కన ఇంకొకటి ఉందేమోనని అనుకోవడం తేలికే. చూపించాలంటే అంతకంటె పదునైన కన్ను కావాలి.

‘చంద్ర’ చూసిన రెండు చుక్కలు

ఆ కన్ను 1999 జూలై 23న పైకి వెళ్లింది. దాని పేరు ‘చంద్ర’. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే. శ్వేత కుబ్జతార సూర్యుడి ద్రవ్యానికి 1.4 రెట్లు మించి ఉండలేదని ఇరవై ఏళ్ల వయసులో లెక్క కట్టినవాడు ఆయన. ఆ హద్దు దాటిన గర్భాలే న్యూట్రాన్ నక్షత్రాలు, కృష్ణబిలాలు అవుతాయి. ఎక్స్ కిరణాల దూరదర్శినికి ఇంతకంటె తగిన పేరు లేదు. ఈ పేరు కోసం పోటీ పెడితే, గెలిచినవారు ఇద్దరు. ఒకరు హైస్కూలు విద్యార్థి, ఒకరు హైస్కూలు టీచరు. ఈ మాట రాస్తుంటే నాకు కాస్త గర్వంగానే ఉంది.

ఎక్స్ కిరణాలకు అద్దం పెట్టడం మామూలు పని కాదు. ఎదురుగా పెడితే అద్దంలోకి దూసుకుపోయి ఇంకిపోతాయి. మీరు చెరువులో చిల్లపెంకు విసిరే ఉంటారు. నిటారుగా విసిరితే బుడుంగుమని మునుగుతుంది. నీటికి దాదాపు సమాంతరంగా విసిరితే తాకి ఎగిరి, తాకి ఎగిరి పోతుంది. ఎక్స్ కిరణాలూ అంతే. అద్దాన్ని రాసుకుంటూ పోయేటట్టు పడితేనే పరావర్తనం చెందుతాయి. అందుకని చంద్రలో అద్దాలు పళ్లేల్లా కాకుండా పీపాల్లా, ఒకదానిలో ఒకటి దూర్చి నాలుగు జతలుగా ఉంటాయి. కిరణాలు వాటి లోపలి గోడలకు రాసుకుని పది మీటర్ల వెనక కేంద్రీకరిస్తాయి. దాని చూపు పదును అర సెకను. అంటే మన రూపాయి బిళ్ల పది కిలోమీటర్ల అవతల!

2000వ సంవత్సరంలో చంద్రను ఎమ్-15 వైపు తిప్పారు. వైట్, ఏంజెలీనీ అనే శాస్త్రజ్ఞులు ఆ బొమ్మను పరిశీలించి 2001లో ఫలితం ప్రకటించారు. అంతవరకు ఒక చుక్క అనుకున్నచోట రెండు చుక్కలున్నాయి. వాటి మధ్య దూరం 2.7 సెకన్లు. ఒకటి ఎ.సి. 211. రెండోదానికి ఎక్స్-2 అని పేరు పెట్టారు. ఎక్స్ కిరణాల్లో ఎక్స్-2 మన పాత నేరస్తుడి కంటె రెండున్నర రెట్లు ప్రకాశవంతం.

ఈల వేసినవారు ఇద్దరన్నమాట! ఎ.సి. 211 చాటున ఉన్నమాట నిజమే. మెరుపు వేసింది ఎక్స్-2. పాత కొలతల్లో ఏదీ తప్పు కాదు. రెండింటిదీ కలిపి ఒకరి ఖాతాలో రాయడం తప్పు. ఎమ్-15 ఉన్న దూరంలో 2.7 సెకన్లంటే అర కాంతి సంవత్సరం కంటె తక్కువ. మా కుర్రవాళ్ల మాదిరిగానే ఆనుకుని నిలబడ్డారు.

ఇక ఎక్స్-2కు కనబడే జోడు ఏది? ఇక్కడ మరొక చిన్న ఇబ్బంది ఉంది. చంద్ర బొమ్మ ఎంత పదునైనదైనా, ఆ బొమ్మ ఆకాశంలో సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో అనేదానిలో అర సెకను వరకు అటూ ఇటూ తేడా ఉండవచ్చు. హబుల్ దూరదర్శిని తీసిన ఫొటోకూ ఇలాంటి తేడాయే ఉంటుంది. ట్రేసింగు కాగితం మీద గీసిన పటాన్ని అట్లాసు మీద పెట్టినప్పుడు ఏం చేస్తారు? బాగా తెలిసిన ఊరు ఒకదాన్ని పట్టుకుని, ఆ ఊరు మీద ఊరు వచ్చేదాకా కాగితాన్ని జరుపుతారు. అప్పుడు మిగతా ఊళ్లు వాటంతటవే చోటు చేసుకుంటాయి. ఇక్కడ బాగా తెలిసిన ఊరు ఎ.సి. 211. పొరపాటు పడ్డ చోటే పటానికి మేకు అయింది.

అలా జరిపి చూస్తే ఎక్స్-2 చోట మందమైన నీలి నక్షత్రం ఒకటి ఉంది. హబుల్ ఫొటోల నుంచి 1994లో వేసిన ఒక జాబితాలో దానికి అప్పటికే 590 అనే నంబరు ఉంది కూడా. మామూలు కాంతిలో ఎ.సి. 211 ముందు ఇది దీపం ముందు మిణుగురు. ఎక్స్ కిరణాల్లో ఇదే పెద్దది. అందుకే ముందు అందరి కళ్లూ ఎ.సి. 211 మీద పడ్డాయి.

చోటు కలిసింది, రంగు కలిసింది. అయినా రుజువు పూర్తి కాలేదు. 2005లో డీబాల్, ఆమె సహచరులు హబుల్ అతినీలలోహిత ఫొటోల వరసను పరిశీలించారు. అతినీలలోహితంలో ఒక సదుపాయం ఉంది. గుచ్ఛంలో వెలిగిపోయే ఎర్ర బృహత్తారలన్నీ అందులో దాదాపు ఆరిపోతాయి. పగటి సంత రాత్రికి ఖాళీ అయినట్టు, వేడి నక్షత్రాలు మాత్రమే మిగులుతాయి. ఆ ఖాళీ సంతలో ఎక్స్-2 జోడు వెలుగు అతి స్వల్పంగా, కాని క్రమం తప్పకుండా 22.6 నిముషాలకొకసారి తగ్గిపెరుగుతున్నట్టు తేలింది. అది జంట తిరిగే కాలం. మన స్కూల్లో ఒక పీరియడు ముగిసే లోపలే అక్కడ ఒక సంవత్సరం ముగిసి రెండోది సగానికి వస్తుంది! ఎ.సి. 211 జంటకు 17.1 గంటలు, దీనికి 22.6 నిముషాలు. ఇంత తొందరగా తిరగాలంటే రెండూ ఎంతో దగ్గరగా ఉండాలి. సూర్యుడి లాంటి నక్షత్రానికి అంత ఇరుకులో చోటు చాలదు. కాబట్టి తోడుగా ఉన్నది శ్వేత కుబ్జతార లాంటి అతి చిన్న వస్తువే అయి ఉండాలి.

దక్షిణాన మరొక గుంపు

ఎమ్-15లో ఇద్దరి మధ్య తగవు అయితే, 47 టుకానే అనే గుచ్ఛంలో అది వందల మందితో పని. ఇది దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉంటుంది. మన ప్రాంతం నుంచి చూస్తే దిగంతాన్ని అంటుకుపోయి ఉంటుంది కాబట్టి మనకు కనబడదనే చెప్పాలి. ఆస్ట్రేలియాలోనో దక్షిణాఫ్రికాలోనో ఉన్న మన బంధువులకు వట్టి కంటికే కనబడుతుంది. దూరం సుమారు 15,000 కాంతి సంవత్సరాలు.

అక్కడ ఐన్‌స్టీన్ ఉపగ్రహానికి నడుమ ఒకే ఒక ఎక్స్ కిరణ కేంద్రం కనబడింది. 1989లో ఆ చోట అతినీలలోహితంలో వెలిగే నక్షత్రం ఒకటి దొరికితే, ఇదే కావచ్చునన్నారు. దాని పేరు ఎ.కె.ఒ. 9. తరువాత 1992లో అక్కడికి కొద్ది సెకన్ల దూరంలోనే మరొక నీలి నక్షత్రం దొరికింది. అది వెలుగు మారుతూ ఉండేది. దానికి వి-1 అని పేరు. ఇద్దరిలో ఎవరు? 1990లో పైకి వెళ్లిన జర్మన్ ఉపగ్రహం రోసాట్, ఒక్కటనుకున్న చోట చాలా కేంద్రాలను విడదీసింది. వాటిలో బాగా వెలిగే వాటిలో ఒకటి ఎక్స్-9. చివరికి చంద్ర తీర్పు చెప్పింది. ఎక్స్-9 అంటే వి-1. ఎ.కె.ఒ. 9 కూడా ఎక్స్ కిరణాలు ఇస్తుంది గాని చాలా మందంగా. పేర్లలో రెండింటికీ తొమ్మిది ఉండడం వట్టి కాకతాళీయం, పరీక్షలో తికమక పడకండి.

చంద్ర తీసిన మొదటి బొమ్మలోనే ఆ గుచ్ఛం నడిమి భాగంలో 108 కేంద్రాలు లెక్కకు వచ్చాయి. గ్రిండ్లే, ఆయన సహచరులు 2001లో ఈ సంగతి ప్రకటించారు. ఇన్నిటికి జోళ్లు వెతకడానికి పటాన్ని ఒక్క మేకుతో కాక చాలా మేకులతో బిగించారు. 47 టుకానేలో సెకనుకు వందలసార్లు తిరిగే పల్సార్లు ఉన్నాయి. రేడియో దూరదర్శినులు వాటి చోట్లను ఎంతో కచ్చితంగా చెబుతాయి. వాటిలో కొన్ని ఎక్స్ కిరణాలు కూడా ఇస్తాయి. అవే మేకులు.

పటం బిగించాక అనుమానితుల విచారణ. ఎడమకు తప్పిన నీలి చుక్కలు సాధారణంగా శ్వేత కుబ్జతార తోడు నక్షత్రం నుంచి వాయువు లాక్కుంటున్న జంటలు. హైడ్రోజన్ ఎర్రకాంతిని మాత్రమే రానిచ్చే వడపోత పెట్టి చూస్తే ఇవి మామూలు నక్షత్రాల కంటె ఎక్కువ వెలుగుతాయి. బారుకు కొంచెం పైన ఉండే చుక్కలు రెండు మామూలు నక్షత్రాల జంటలు. దగ్గరగా తిరుగుతూ తమ చుట్టూ తాము వేగంగా తిరిగి, సూర్యుడి మీది మంటల కంటె ఎన్నో రెట్లు పెద్ద మంటలు రేపుతాయి. వీటి ఎక్స్ కిరణాలు మందం. ఇవి పట్టుబడాలంటే వెలుగు మార్పును రోజుల తరబడి గమనించాలి.

రోజుల తరబడి హబుల్‌ను ఎవరు ఇస్తారు? అదృష్టవశాత్తు మరొకరు అప్పటికే వాడి పెట్టారు. 1999 జూలైలో గిల్లిలాండ్ బృందం 8.3 రోజుల పాటు హబుల్‌ను ఈ గుచ్ఛం మీదే నిలిపింది. వారు వెతికింది గ్రహాల కోసం. గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు కొంచెం తగ్గుతుంది గదా? 34,000 నక్షత్రాలు చూశారు. ఒక్క గ్రహమూ దొరకలేదు. కాని ఆ ఫొటోల్లోనే ఎక్స్ కిరణ కేంద్రాల జోళ్లు డజన్ల కొద్దీ, తమ వెలుగు మార్పులతో సహా, నమోదయి ఉన్నాయి. ఎడ్మండ్స్, ఆయన సహచరులు 2003లో వాటిని బయటికి లాగారు. గ్రహాల వేట ఫలించలేదని మూలపడెయ్యకుండా ఆ ఫొటోలను దాచి పెట్టడం ఎంత మంచిదయిందో చూడండి.

మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో కూడా అతినీలలోహిత దూరదర్శిని ఉంది. దాని చూపు సుమారు ఒకటిన్నర సెకను. ఎన్.జి.సి. 1851 వంటి గోళాకార గుచ్ఛాల వేడి నక్షత్రాలను అది చక్కగా ఫొటో తీసింది. మరీ కిక్కిరిసిన నడిబొడ్డుకు మాత్రం హబుల్ లాంటి పదును కావలసిందే.

ఇంతకీ ఎక్స్-9 ఏమయింది? చాలా ఏళ్లు దాన్ని శ్వేత కుబ్జతార జంటల్లో ఒకటిగానే లెక్కగట్టారు. 2015లో ఆస్ట్రేలియాలోని రేడియో దూరదర్శినుల సాయంతో దాని నుంచి వస్తున్న రేడియో తరంగాలను కనిపెట్టారు. శ్వేత కుబ్జతారకు అవి మరీ ఎక్కువ. 2017లో దాని ఎక్స్ కిరణాలు 28 నిముషాలకొకసారి మారుతున్నాయని, వాటిలో ఆక్సిజన్ ఆనవాళ్లు ఉన్నాయని తెలిసింది. వాయువు ఇచ్చేది శ్వేత కుబ్జతార అన్నమాట, తీసుకునేది కాదు! రెండింటి మధ్య దూరం భూమికీ చంద్రుడికీ మధ్య ఉన్న దూరానికి రెండున్నర రెట్లు మాత్రమే. తీసుకునేది కృష్ణబిలం కావచ్చునని ఆ శాస్త్రజ్ఞులు అంటున్నారు. న్యూట్రాన్ నక్షత్రం అయ్యే అవకాశాన్ని వారు పూర్తిగా కొట్టివేయలేదు. 47 టుకానేలో 2005 నాటికే లెక్కకు వచ్చిన ఎక్స్ కిరణ కేంద్రాలు 300. వాటిలో చాలావాటి ఎదురుగా జోడు పేరు రాయవలసిన గడి ఖాళీగానే ఉంది.